రికార్డులన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, మరి షుగర్ వైద్యం ఎందుకు మెరుగుపడటం లేదు?

#1 క్లినిక్_డాక్టర్

అందరికీ నమస్కారం. నేను ప్రైమరీ కేర్‌లో జనరల్ డాక్టర్‌ని. మా క్లినిక్‌లో కాగితాలు పోయి కంప్యూటర్ వచ్చి చాలా కాలమైంది. ఓపీ నోట్స్, మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ అందులోనే ఉంటాయి. పేషెంట్ ఎదురుగా కూర్చున్నప్పుడు పాత రిపోర్టు కోసం వెతుక్కునే బాధ తప్పింది, అది నిజం. కానీ "మన దగ్గర షుగర్ ఉన్నవాళ్లు మొత్తం ఎంతమంది? వాళ్లలో ఈ ఏడాది మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష జరగనివాళ్లెవరు?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేం. ఒక్కో ఫైలు తెరిచి చూడటం తప్ప దారి లేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు డయాబెటిస్ మాడ్యూల్ అని కొత్తది కొనమంటున్నారు. డాక్టర్ స్క్రీన్ మీద హెచ్చరికలు వస్తాయట, మందుల సలహాలు వస్తాయట. ఇప్పుడు వస్తున్న పాప్‌అప్‌లనే చదివే తీరిక ఎవరికీ ఉండటం లేదు. ఇంకొన్ని చేరితే ఏం మారుతుందో నాకు అర్థం కావడం లేదు.

నా ప్రశ్న ఒకటే. కంప్యూటర్ వ్యవస్థల వల్ల పేషెంట్ల హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష), బీపీ, కిడ్నీలు, కళ్లు నిజంగా బాగుపడిన చోట వాళ్లు ఏం చేశారు? మాలాంటి చిన్న క్లినిక్ ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 రిజిస్టర్_నర్సు

డాక్టర్ గారూ, మాడ్యూల్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు మీకు కావలసింది లిస్టు.

పేషెంట్ ఫైలు అనేది ఆ మనిషి వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. రాని మనిషి ఫైలు ఎవరూ తెరవరు. షుగర్‌లో మాత్రం అసలు ప్రమాదం రానివాళ్లకే. రెగ్యులర్‌గా వచ్చేవాళ్లకు ఏదో ఒక రోజు ఎవరో ఒకరు పరీక్షలు రాస్తారు. ఏడాదిన్నరగా మొహం చూపించనివాళ్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు?

మేం చేసేది చాలా సాదాసీదా పని. షుగర్ ఉన్న ప్రతి మనిషికీ ఒక వరుస. ఏడాదికోసారి జరగాల్సిన తొమ్మిదింటికీ తలా ఒక కాలమ్: హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ఈ రెండూ కిడ్నీల కోసం), పాదాలు, రెటీనా (కంటి లోపలి పొర), బరువుతో బీఎంఐ, పొగతాగే అలవాటు. ప్రతి కాలమ్‌లో చివరిసారి జరిగిన తేదీ, వచ్చిన ఫలితం ఉంటాయి. చివరి హెచ్‌బీఏ1సీ తేదీ ప్రకారం సార్ట్ చేస్తే అందరికన్నా పాతది పైకి వస్తుంది. వారంలో ఒక పూట ఆ పైనున్నవాళ్లకు ఫోన్ చేయడమే నా పని. ఆ పూట ఓపీలో నన్ను కూర్చోబెట్టకూడదని ముందే మాట తీసుకున్నాను. ఆ మాట లేకపోతే లిస్టు వల్ల ఏ ఉపయోగమూ ఉండేది కాదు, ఎందుకంటే ఓపీ రద్దీ ప్రతి వారమూ ఆ సమయాన్ని మింగేసేది.

ఫోన్ చేస్తే రకరకాల సమాధానాలు వస్తాయి. కొందరు ఊరు మారారు. కొందరు చనిపోయారు, మన రికార్డులో మాత్రం బతికే ఉన్నారు. కొందరు వేరే డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నారు. కొందరు "ఒంట్లో బాగానే ఉంది కదా" అని మందులు ఆపేశారు. ఈ జవాబు కూడా లిస్టులో రాసుకోవాలి, లేకపోతే వచ్చే నెల మళ్లీ అదే ఇంటికి ఫోన్ వెళ్తుంది. చనిపోయినవాళ్ల ఇంటికి రెండోసారి ఫోన్ వెళ్తే ఆ కుటుంబానికి ఎంత బాధో ఆలోచించండి.

#3 డేటాబేస్_మనిషి

నర్సు గారు చెప్పిన లిస్టు తయారు చేయడంలోనే మొదటి చిక్కు ఉంది. ఎవరికి షుగర్ ఉందో కంప్యూటర్‌కి ఎలా తెలియాలి? నేను క్లినిక్ రికార్డుల డేటాతో పనిచేస్తాను కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను.

మూడు దారులు ఉన్నాయి: రోగనిర్ధారణ కోడ్, మందులు, ల్యాబ్ ఫలితాలు. ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మలేం.

కోడ్ సంగతి: జబ్బులకు అంతర్జాతీయంగా వాడే కోడ్‌ల జాబితా ఐసీడీ-10లో ఈ10 అంటే టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవ్వని రకం), ఈ11 అంటే టైప్ 2 (ఎక్కువమందికి ఉండే రకం). రద్దీలో డాక్టర్ కోడ్ పెట్టకుండా నోట్స్‌లో "షుగర్" అని టైప్ చేసి వదిలేస్తే ఆ మనిషి లిస్టులోకి రాడు. మందుల సంగతి: షుగర్‌కి మామూలుగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లందరికీ షుగర్ ఉండదు. పీసీఓఎస్‌కీ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య), ప్రీడయాబెటిస్‌కీ (షుగర్ రాబోయే ముందు దశ) కూడా రాస్తారు. ఎస్‌జీఎల్‌టీ2 మందులను (మూత్రం ద్వారా షుగర్‌ని బయటికి పంపే మాత్రలు) ఇప్పుడు షుగర్ లేని గుండె జబ్బు, కిడ్నీ జబ్బు పేషెంట్లకు కూడా ఇస్తున్నారు. ల్యాబ్ సంగతి: హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, లేదా పరగడుపు గ్లూకోజ్ 126 మిల్లీగ్రామ్/డెసిలీటర్, లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లను వెతికితే, ఏ కోడ్ లేకుండా మిగిలిపోయినవాళ్లు బయటపడతారు. అయితే లక్షణాలు లేని మనిషికి ఒక్క పరీక్షతో జబ్బు ముద్ర వేయకూడదు, ఇంకో పరీక్షతో నిర్ధారించాలి. కాబట్టి వీళ్లను "పరిశీలించాల్సినవాళ్లు" అని విడిగా పెట్టి డాక్టర్‌కి చూపించండి.

తర్వాత యూనిట్లు. హెచ్‌బీఏ1సీని కొన్ని ల్యాబ్‌లు శాతంలో ఇస్తాయి, కొన్ని మిల్లీమోల్/మోల్‌లో ఇస్తాయి. 7 శాతమూ 53 మిల్లీమోల్/మోల్ ఒకటే. ఇక్కడ గందరగోళం తక్కువ, అంకె చూస్తేనే ఏ యూనిటో తెలిసిపోతుంది. గ్లూకోజ్‌తో అలా కుదరదు. మిల్లీమోల్/లీటర్‌ని 18తో గుణిస్తే మిల్లీగ్రామ్/డెసిలీటర్ వస్తుంది. యూనిట్ రాయకుండా వట్టి "30" అని ఉంటే అది ప్రాణం మీదికొచ్చే లో షుగరా, 540 ఉన్న హై షుగరా? ఊహించడానికి వీల్లేదు. యూనిట్ లేని అంకెను సిస్టమ్ తీసుకోకూడదు.

ఇంకో తలనొప్పి, బయటి ల్యాబ్ రిపోర్టులు. స్కాన్ చేసి ఫైల్‌కి జత చేస్తారు. కంటితో చూస్తే రిపోర్టు ఉంది, డేటాబేస్ లెక్కలో మాత్రం పరీక్షే జరగలేదు. ఆ అంకెను ఎవరో ఒకరు చేత్తో సరైన చోట ఎక్కించాల్సిందే. ల్యాబ్ నేరుగా పంపేటట్లయితే లోయింక్ కోడ్‌తో (ల్యాబ్ పరీక్షలకు ప్రపంచమంతా వాడే కోడ్) పంపమని అడగండి. హెచ్‌బీఏ1సీ శాతానికి 4548-4. అప్పుడు ఒక ల్యాబ్ "ఏ1సీ" అన్నా, ఇంకో ల్యాబ్ "గ్లైకోసిలేటెడ్ హీమోగ్లోబిన్" అన్నా ఒకే కాలమ్‌లో వచ్చి పడతాయి.

#4 ఎండో_డాక్టర్

డేటాబేస్_మనిషి గారు రాసినదానికి కొనసాగింపుగా రెండు మాటలు.

ఒకటి, టైప్ తప్పు పడటం. సన్నగా ఉన్న పాతికేళ్ల మనిషికి ఈ11 అని కోడ్ పడి, మాత్రలతో నెట్టుకొస్తూ ఉంటే, అది టైప్ 1 అయ్యే అవకాశం ఉంది. ఎవరైనా ఆ కోడ్‌ని నమ్మి ఇన్సులిన్ ఇవ్వకుండా ఉంచితే కీటోఅసిడోసిస్‌లోకి (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికొచ్చే స్థితి) వెళ్తారు. చిన్న వయసు, తక్కువ బరువు, నిర్ధారణ అయిన కొద్ది నెలల్లోనే ఇన్సులిన్ అవసరం పడటం, ఈ మూడింటినీ కలిపి వెతికితే అనుమానించాల్సినవాళ్ల చిన్న జాబితా వస్తుంది. ఆ జాబితా నాలాంటి ఎండోక్రినాలజిస్టులకు (షుగర్, హార్మోన్ల నిపుణులకు) పంపితే సంతోషంగా చూస్తాం.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. దయచేసి 7 దాటిన ప్రతి హెచ్‌బీఏ1సీకీ ఎర్ర రంగు వేయకండి. షుగర్‌ని గట్టిగా తగ్గిస్తే మేలా అని పరీక్షించిన అకార్డ్ ట్రయల్‌లో 10,251 మంది టైప్ 2 పేషెంట్లు ఉన్నారు. ఒక గ్రూపులో హెచ్‌బీఏ1సీని 6 కన్నా తగ్గించాలని గట్టిగా ప్రయత్నిస్తే ఆ గ్రూపులో మరణాలు పెరిగాయి, 2008లో ఆ భాగాన్ని ముందుగానే ఆపేశారు. ఎనభై ఏళ్ల వయసులో, గుండె జబ్బుతో, ఒంటరిగా ఉండే మనిషికి 7 లక్ష్యం కాదు. 8 దాకా ఉన్నా సరే, లో షుగర్ రాకుండా ఉంటే చాలు.

అందుకే రెండో లిస్టు ఒకటి పెట్టుకోండి: వయసు పైబడినవాళ్లు, ఇన్సులిన్ గానీ సల్ఫోనైల్‌యూరియా (లో షుగర్ తెప్పించగల ఒక రకం షుగర్ మాత్రలు) గానీ వాడుతున్నవాళ్లు, హెచ్‌బీఏ1సీ 6.5 కన్నా తక్కువ ఉన్నవాళ్లు. మామూలు రిపోర్టులో వీళ్లు "మంచి కంట్రోల్" అని ఆకుపచ్చగా కనిపిస్తారు. రాత్రిపూట లో షుగర్‌తో కిందపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది వీళ్లలోనే. మందు తగ్గించాల్సినవాళ్లను వెతికి పెట్టే క్లినిక్‌లు నాకు చాలా తక్కువ కనబడ్డాయి.

అన్నట్టు హెచ్‌బీఏ1సీ కూడా అందరిలో నిజం చెప్పదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీదే ఆ పరీక్ష నడుస్తుంది. రక్తకణాలు తొందరగా విరిగిపోయే జబ్బులు, ఈమధ్యే రక్తం ఎక్కించడం, డయాలసిస్, కొన్ని రకాల హీమోగ్లోబిన్ తేడాలు ఉంటే అంకె మోసం చేస్తుంది. ఐరన్ లోపంలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. అలాంటివాళ్ల పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి.

#5 క్లినిక్_డాక్టర్

చాలా థాంక్స్. మందు తగ్గించాల్సినవాళ్ల లిస్టు అనే ఆలోచన నాకు తట్టలేదు. మా దగ్గర అలాంటివాళ్లు కచ్చితంగా ఉంటారు.

ఒక అనుమానం. ఇదంతా పెద్ద ఎత్తున ఎక్కడైనా చేశారా, లేక ఉత్సాహం ఉన్న ఒకటి రెండు క్లినిక్‌ల కథేనా?

#6 ప్రజారోగ్యం_పీజీ

చేశారు సార్, చాలా కాలం నుంచే చేస్తున్నారు.

1989లో ఇటలీలోని సెయింట్ విన్సెంట్‌లో యూరప్ దేశాల ప్రతినిధులు కలిసి, షుగర్ వల్ల వచ్చే అంధత్వం, కిడ్నీ ఫెయిల్యూర్, కాళ్లు తీసేయడం లాంటివి తగ్గించాలని ఒక ప్రకటన చేశారు. తగ్గాయో లేదో చెప్పాలంటే లెక్క ఉండాలి కదా. స్వీడన్‌లో జాతీయ డయాబెటిస్ రిజిస్టర్ 1996లో మొదలైంది. ఆస్పత్రులతో పాటు ప్రైమరీ కేర్ కూడా అందులో ఉంది, ప్రతి క్లినిక్ తన అంకెలను మిగతావాళ్లతో పోల్చి చూసుకోవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో జాతీయ ఆడిట్ 2003-04 నుంచి నడుస్తోంది. నర్సు గారు చెప్పిన తొమ్మిది పరీక్షల జాబితా అక్కడి ఆడిట్‌లో వాడేదే.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది స్కాట్లండ్‌లోని టేసైడ్ ప్రాంతం. డాక్టర్ల దగ్గరున్న షుగర్ జాబితాలు, మందుల చీటీలు, ల్యాబ్, ఆస్పత్రి, కంటి క్లినిక్ రికార్డులు అన్నీ కలిపి ఒకే రిజిస్టర్ చేశారు. 1997లో వచ్చిన వాళ్ల పేపర్ ప్రకారం, డాక్టర్ల జాబితాల్లో మాత్రమే వెతికితే దొరికేవాళ్లకన్నా ఇలా కలిపితే ఎక్కువమంది దొరికారు. డేటాబేస్_మనిషి గారు మూడు దారులూ కలపమన్నది ఇందుకే. ఆ పనే పెరిగి తర్వాత స్కాట్లండ్ మొత్తానికి ఒకే డయాబెటిస్ వ్యవస్థ అయింది.

ఇక "పనిచేస్తుందా" అన్న ప్రశ్నకు: 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో 142 ట్రయల్స్ కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. షుగర్ వైద్యాన్ని మెరుగుపరిచే ఇలాంటి పద్ధతులన్నీ కలిపి చూస్తే హెచ్‌బీఏ1సీ సగటున 0.37 శాతం తగ్గింది. వినడానికి చిన్నదే, కానీ క్లినిక్‌లోని అందరి మీదా కలిపితే చిన్నది కాదు. అందులో నేను గమనించింది ఇది: పని పద్ధతి మొత్తాన్ని మార్చినవి, అంటే టీమ్‌లో బాధ్యతలు మార్చడం, ఒకరు కేసును వెంటబడి చూడటం లాంటివి, ఎక్కువ ఫలితమిచ్చాయి. డాక్టర్‌కి మాత్రమే గురిపెట్టినవి, మొదట్లోనే కంట్రోల్ బాగా చెడిపోయి ఉన్న చోట తప్ప పెద్దగా ఉపయోగపడినట్టు కనిపించలేదు. మీకు అమ్మజూపుతున్న మాడ్యూల్ రెండో రకానిది.

#7 రిజిస్టర్_నర్సు

> ప్రతి క్లినిక్ తన అంకెలను మిగతావాళ్లతో పోల్చి చూసుకోవచ్చు

ఇది మంచిదే, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. పోలిక వచ్చిన చోటికి ఒత్తిడి వస్తుంది, ఒత్తిడి వచ్చిన చోటికి టిక్కులు వస్తాయి. పాదాల పరీక్ష "అయింది" అని టిక్ ఉంటుంది, పేషెంట్ చెప్పులు కూడా విప్పి ఉండడు. ఇది నేను చూశాను, నాకు చాలా కోపం వచ్చే విషయం. పాదం మీద పుండు ఒక్కటి తప్పిపోతే కాలే పోవచ్చు.

అందుకే మా ఫారంలో "పాదాల పరీక్ష అయింది" అనే డబ్బా తీసేయించాం. దాని బదులు కుడి పాదం, ఎడమ పాదం విడివిడిగా ఉంటాయి. మోనోఫిలమెంట్ (పాదంలో స్పర్శ చూసే సన్నని నైలాన్ తీగ) తగిలినట్టు తెలిసిందా, నాడి అందిందా, పుండుగానీ ఆకారంలో మార్పుగానీ ఉందా, అన్నీ రాయాలి. చూడకుండా నింపడం కష్టం. రాయడానికి పట్టే సమయం కొంచెం పెరిగింది, కానీ ఆ రాత ఇప్పుడు నమ్మదగ్గది.

#8 షుగర్‌తో_సావాసం

నేను పేషెంట్‌ని. ఇక్కడ డాక్టర్లు, డేటావాళ్లు మాట్లాడుతుంటే కొన్నాళ్లుగా చదువుతూ ఉన్నాను. మా వైపు నుంచి కొన్ని చెప్పాలనిపించింది.

క్లినిక్ నుంచి నాకు వచ్చే మెసేజ్‌లు అన్నీ ఒకటే: "మీ పరీక్ష గడువు దాటింది." ఏ పరీక్షో ఉండదు, ఎందుకో ఉండదు, పోయినసారి ఎంత వచ్చిందో ఉండదు. బాకీ వసూలు చేసినట్టు ఉంటుంది. అదే "మీ మూత్ర పరీక్ష చేసి ఏడాది దాటింది. కిడ్నీల మీద షుగర్ ప్రభావం మొదలైతే ఈ పరీక్షలోనే ముందుగా తెలుస్తుంది, అప్పుడు మందుతో నెమ్మదింపజేయవచ్చు" అని రాస్తే నేనే వస్తాను. ఇన్నేళ్లలో మూత్రం ఎందుకు అడుగుతున్నారో నాకు ఎవరూ చెప్పలేదు. షుగర్ చూడటానికే అనుకునేవాణ్ని.

ఇంకోటి, ఫోన్ ఇంట్లో నలుగురి చేతుల్లోకి వెళ్తుంది. జబ్బు పేరు స్క్రీన్ మీద అలా కనబడటం అందరికీ ఇష్టం ఉండదు. ముఖ్యంగా పెళ్లి కానివాళ్లకూ, ఉద్యోగంలో చెప్పుకోనివాళ్లకూ. ఎలా పంపాలో ముందే అడగండి.

ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగ్‌లు యాప్‌లో ఎక్కించమన్నారు. కొన్ని నెలలు శ్రద్ధగా ఎక్కించాను. ఎవరూ చూసిన ఆనవాలు లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే "రీడింగ్‌లు తెచ్చారా" అని కాగితం అడిగారు. ఆ రోజుతో ఆపేశాను. అడిగి తెప్పించుకున్న అంకెలను చూడకపోతే మాకు చాలా చిన్నతనంగా ఉంటుంది.

#9 రిజిస్టర్_నర్సు

మీరు రాసిన మొదటి మెసేజ్ నమూనాని దాదాపు అలాగే తీసుకుంటున్నాను. ధన్యవాదాలు.

#10 డేటాబేస్_మనిషి

పేషెంట్ గారు చెప్పిన రీడింగ్‌ల సంగతి మీద: ఇంటి రీడింగ్‌లు తీసుకునే దారి తెరిచేముందే మూడు విషయాలు కాగితం మీద రాసుకోవాలి. ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లోపు చూస్తారు, ఏ అంకె వస్తే అదే రోజు ఫోన్ వెళ్తుంది. వీటికి జవాబు లేకపోతే ఆ దారి తెరవకపోవడమే మేలు. పేషెంట్ 45 మిల్లీగ్రామ్/డెసిలీటర్ అని (అంటే ప్రమాదకరమైన లో షుగర్) ఎక్కించి, క్లినిక్ చూస్తుందన్న ధీమాతో పడుకుంటే ఏమవుతుంది? ఈ యాప్ అత్యవసరానికి కాదని పేషెంట్‌కి స్పష్టంగా చెప్పడం కూడా క్లినిక్ బాధ్యతే.

ఎవరు ఏ రికార్డు తెరిచారో సిస్టమ్‌లో నమోదవ్వాలి. లిస్టులను ఎక్సెల్‌లో దింపి వాట్సాప్‌లో పంపుకోవడం అసలు ఒప్పుకోకండి. జబ్బు పేరు, ఫోన్ నంబర్ ఒకే ఫైల్‌లో ఉన్నాయంటే అది బయటికి పోకూడని ఫైల్.

#11 మందుల_మనిషి

ఫార్మసిస్ట్‌ని. ఇంతవరకూ ఎవరూ ఎత్తని విషయం: రాసిన మందు వేరు, తీసుకున్న మందు వేరు.

హెచ్‌బీఏ1సీ 9 వచ్చింది, డాక్టర్ ఇంకో మందు కలిపారు. మా కౌంటర్ రికార్డు చూస్తే మొదటి మందే సగం నెలలు తీసుకోలేదు. డోసు పెరుగుతూ పోతుంది, ఒక రోజు ఆస్పత్రిలో చేరితే అక్కడ నర్సులు చీటీలో ఉన్నవన్నీ కచ్చితంగా ఇస్తారు, అప్పుడు షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి లిస్టులో ఇంకో కాలమ్ కావాలి: చివరిసారి మందు తీసుకున్న తేదీ, ఎన్ని రోజులకు సరిపడా తీసుకున్నారు. రోజులు దాటిపోతే పేరు పైకి రావాలి. ఫోన్ చేసి "ఎందుకు తీసుకోలేదు" అని నిలదీయకుండా, "మందు వల్ల ఏమైనా ఇబ్బంది ఉందా" అని అడగాలి. మెట్‌ఫార్మిన్‌తో కడుపు చెడి మానేసినవాళ్లు చాలామంది ఉంటారు. నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మారిస్తే కొనసాగిస్తారు.

పీజీ గారు చెప్పిన టీమ్ మార్పుల గురించి కూడా ఒక మాట. 2006లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో, నర్సు గానీ ఫార్మసిస్ట్ గానీ డాక్టర్ అనుమతి కోసం ప్రతిసారీ ఆగకుండా, ముందే ఒప్పుకున్న పద్ధతి ప్రకారం డోసు మార్చగలిగిన చోట్ల హెచ్‌బీఏ1సీ ఎక్కువగా తగ్గింది. లిస్టు చూసేవాళ్లకు ఏమీ చేసే అధికారం లేకపోతే, "డాక్టర్ గారిని కలవండి" అని చెప్పడం తప్ప వాళ్లు చేయగలిగింది లేదు.

#12 క్లినిక్_డాక్టర్

మందుల_మనిషి గారూ, ఇది నన్ను బాగా ఆలోచింపజేసింది. మా క్లినిక్‌లో డోసు మార్చే అధికారం డాక్టర్ చేతిలోనే ఉంది, ఆ డాక్టర్‌కేమో పేషెంట్‌కి కొద్ది నిమిషాలే. జలుబని వచ్చిన మనిషి హెచ్‌బీఏ1సీ 8.8 ఉంటే, ఆ పూట దాన్ని ఎత్తుకోవడానికి సమయం ఉండదు, "వచ్చేసారి చూద్దాం" అని పంపించేస్తారు. వచ్చేసారీ అదే. దీన్నే క్లినికల్ ఇనర్షియా అంటున్నారు కదా, దీనికి పాప్‌అప్ మందు కాదని నాకూ అనిపిస్తోంది.

ఎండో_డాక్టర్ గారూ, స్క్రీన్ మీద తప్పనిసరిగా ఉండాల్సిన హెచ్చరికలు ఏవో చెప్పండి. మిగతావి ఆఫ్ చేయిస్తాను.

#13 ఎండో_డాక్టర్

చీటీ రాసే క్షణంలో ఆపకపోతే హాని జరిగేవి మాత్రమే ఉంచండి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె) 30 కన్నా తక్కువున్న మనిషికి మెట్‌ఫార్మిన్ రాయడం. గర్భిణికి, లేదా గర్భం కోసం చూస్తున్న మహిళకు ఏసీఈ ఇన్‌హిబిటర్, ఏఆర్‌బీ (ఈ రెండూ బీపీ మందులు), స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) రాయడం. కిడ్నీ దెబ్బతిన్న వృద్ధులకు గ్లిబెన్‌క్లమైడ్ (ఒక సల్ఫోనైల్‌యూరియా) రాయడం. టైప్ 1 మనిషి చీటీలో ఇన్సులిన్ లేకపోవడం. నా వరకు దాదాపు ఇంతే.

"రెటీనా పరీక్ష గడువైంది", "స్టాటిన్ ఆలోచించండి" లాంటివన్నీ పాప్‌అప్‌లో ఉండకూడదు. అవి ముందురోజు సాయంత్రం నర్సు చేతికి రావాలి. రేపు వచ్చేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లెవరు, ఎవరికి ఏ పరీక్ష మిగిలింది, ఒక్క పేజీలో. రక్తం, మూత్రం, పాదాలు డాక్టర్ గదిలోకి రాకముందే అయిపోతాయి. పేషెంట్ జలుబుకి వచ్చినా సరే. అప్పుడు డాక్టర్ దగ్గరున్న కొద్ది నిమిషాలూ నిర్ణయానికి మిగులుతాయి.

ఇంకో మాట. మూత్రంలో ఆల్బుమిన్ ఒకసారి 30 మి.గ్రా./గ్రా. దాటిందని కిడ్నీ జబ్బు కోడ్ ఆటోమేటిక్‌గా పడిపోయేలా పెట్టకండి. జ్వరం, బాగా వ్యాయామం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. మూడు నుంచి ఆరు నెలల్లో తీసిన మూడు శాంపిళ్లలో రెండు ఎక్కువ రావాలి. సిస్టమ్ చేయాల్సింది రెండో పరీక్షను గుర్తుచేయడం. చాలాచోట్ల ఆ రెండో పరీక్షే జరగదు.

#14 ప్రజారోగ్యం_పీజీ

డాక్టర్ గారు మొదలుపెట్టేముందు కొలత గురించి కూడా తేల్చుకోవాలి. ఇందులో చాలా క్లినిక్‌లు తమకు తెలియకుండానే తప్పుడు సంతోషంలో పడతాయి.

ఉదాహరణకు ఒక క్లినిక్‌లో 500 మందికి షుగర్ ఉందనుకుందాం. ఏడాదిలో 300 మందికి హెచ్‌బీఏ1సీ చేశారు, అందులో 180 మంది లక్ష్యంలో ఉన్నారు. పరీక్ష అయినవాళ్లలో లెక్కేస్తే 60 శాతం. అందరిలో లెక్కేస్తే 36 శాతం. రెండూ లెక్క ప్రకారం సరైనవే, కానీ మొదటిదే చూపిస్తే రాని 200 మంది రిపోర్టులోంచి మాయమైపోతారు. నా అభిప్రాయంలో పరీక్ష కానివాళ్లను కంట్రోల్‌లో లేనట్టే లెక్కేయాలి.

ఇంకో చిక్కు. కొత్తగా స్క్రీనింగ్ చేస్తే ఇప్పుడిప్పుడే మొదలైన, తేలికపాటి కేసులు చాలా చేరతాయి. వాళ్ల హెచ్‌బీఏ1సీ 6.6, 6.8 ఉంటుంది. పాతవాళ్లలో ఒక్కరికీ మెరుగుపడకపోయినా క్లినిక్ సగటు తగ్గిపోతుంది. అందుకని ఈ రోజు రిజిస్టర్‌లో ఉన్నవాళ్లను ఒక గుంపుగా విడదీసి, ఏడాది తర్వాత అదే గుంపును చూడండి. చిన్న క్లినిక్‌లో నెలనెలా అంకె పైకీ కిందకీ ఊగడం సహజం, దానికి కారణాలు వెతకొద్దు.

గ్లూకోజ్ ఒక్కటే చూడకండి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒప్పుకున్న 2030 లక్ష్యాల్లో, షుగర్ నిర్ధారణ అయినవాళ్లలో 80 శాతం మందికి గ్లూకోజ్ అదుపులో ఉండాలన్నది ఒకటైతే, 80 శాతం మందికి బీపీ అదుపులో ఉండాలన్నది ఇంకొకటి. 40 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లలో 60 శాతం మందికి స్టాటిన్ అందాలన్నది మరొకటి. గుండెపోటు, పక్షవాతం తగ్గాలంటే ఈ చివరి రెండూ చాలా ముఖ్యం.

#15 రిజిస్టర్_నర్సు

ఇంకో లిస్టు గుర్తొచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు. కాన్పు అయ్యాక నాలుగు నుంచి పన్నెండు వారాల్లో మళ్లీ పరీక్ష చేయాలి, ఆ తర్వాత జీవితాంతం ఒకటి నుంచి మూడేళ్లకోసారి చేస్తూ ఉండాలి. కాన్పు చేసిన చోటు వేరు, ప్రైమరీ కేర్ వేరు. ఆ సమాచారం మన దగ్గరికి రాదు. తల్లి బిడ్డ పనిలో పడి తన సంగతి మర్చిపోతుంది. బిడ్డకు టీకాలకు వచ్చిన రోజున "అమ్మా, మీకు కూడా ఒక పరీక్ష ఉంది" అని చెప్పగలిగితే చాలామంది దొరుకుతారు. అందుకు తల్లి రికార్డు, బిడ్డ రికార్డు సిస్టమ్‌లో కలిసి ఉండాలి. అడిగితే కుదురుతుంది, ఎవరూ అడగరు.

#16 క్లినిక్_డాక్టర్

ఇక్కడ ఇంత చర్చ జరుగుతుందని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. రేపు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడబోతున్నాను. మాడ్యూల్ బదులు నర్సుకు వారానికి ఒక పూట విడిగా ఇవ్వమనీ, డోసు మార్పులకు ఎండో గారి లాంటివాళ్ల సాయంతో ఒక రాతపూర్వక పద్ధతి తయారు చేద్దామనీ అడుగుతాను. మొదటి లిస్టు చివరి హెచ్‌బీఏ1సీ తేదీది, రెండోది మందు తగ్గించాల్సినవాళ్లది.

డేటాబేస్_మనిషి గారూ, సాఫ్ట్‌వేర్ కంపెనీని నేను ఏమడగాలో చెప్పగలరా? వాళ్లు "అన్నీ వస్తాయి సార్" అంటారు, ఏది నిజమో తేల్చుకోలేను.

#17 డేటాబేస్_మనిషి

మాటలు వద్దు సార్, మీ కళ్లముందు చేసి చూపించమనండి. మీ అసలు డేటా మీద, వాళ్ల డెమో డేటా మీద కాదు.

మొదట, షుగర్ ఉన్నవాళ్లందరినీ ఒకే పట్టికగా తీయమనండి. పేషెంట్‌కి ఒక వరుస, ఒక్కో పరీక్షకీ తేదీ, అంకె, యూనిట్ విడివిడి కాలమ్‌లలో. పీడీఎఫ్ రిపోర్టు ఇస్తే ఒప్పుకోకండి. తర్వాత, షరతులు మీరే మార్చుకునే వీలుందా అడగండి. "65 దాటినవాళ్లు" అన్నది "75 దాటినవాళ్లు" అని మార్చడానికి ప్రతిసారీ కంపెనీకి ఉత్తరం రాయాల్సి వస్తే ఎవరూ వాడరు. ఫోన్ చేసిన ఫలితం రాసుకునే చోటు ఉందో లేదో చూడండి. ఒక తప్పు కోడ్‌ని సరిదిద్దితే పాతది ఎవరు పెట్టారు, కొత్తది ఎవరు మార్చారు అనేది మిగలాలి. చివరగా, రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారితే మీ డేటా మొత్తం మీ చేతికి ఏ రూపంలో వస్తుందో ఒప్పందంలో రాయించుకోండి. ఫైర్ (FHIR) ప్రమాణంలో, అంటే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఆరోగ్య డేటా మార్చడానికి వాడే రూపంలో, ఇవ్వగలరా అని అడగండి. ఇవ్వగలిగినవాళ్లు వెంటనే అవునంటారు.

వాళ్లు మొదటి పట్టిక తీసిచ్చాక పేర్లు, నంబర్లు తీసేసి కాలమ్‌ల పేర్లు మాత్రం ఇక్కడ పెట్టండి. యూనిట్లు, కోడ్‌లు ఎక్కడ తేడాగా ఉన్నాయో చూసి చెప్తాను.

#18 షుగర్‌తో_సావాసం

డాక్టర్ గారూ, ఆ పట్టికలో ఇంకొక్క కాలమ్ కూడా పెట్టించండి. మాకు ఏ టైమ్‌లో ఫోన్ చేస్తే వీలుగా ఉంటుందో. డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చే ఫోన్ ఎత్తలేం, తిరిగి చేస్తే మీ లైన్ దొరకదు. "స్పందించలేదు" అని రాసినవాళ్లలో నాలాంటివాళ్లు కూడా ఉండొచ్చు.